ఒక్కరూ లేరంది!

మొన్న రాత్రి పదకొండింటికి ఫ్రెండ్ ఫోన్. వాళ్లమ్మకి తెల్లారితే ఆపరేషన్, బి నెగటివ్ బ్లడ్ కావాలట. కాలేజీలో ఉండగా డోనర్ల లిస్టు ఎంఎస్ యాక్సెస్‌లో పెట్టింది నేనే. ల్యాప్‌టాప్ తెరిచి, బ్లడ్ గ్రూప్ కాలమ్‌లో కర్సర్ పెట్టి, కంట్రోల్ ఎఫ్ కొట్టి ‘బి నెగటివ్’ అని వెతికా. ఒక్కరూ లేరంది!

గుండె జారిపోయింది. ఉండాలే అని మళ్లీ చూస్తే తిరకాసు ఆ ఫైండ్ బాక్స్‌లోనే ఉంది. ‘మ్యాచ్’ దగ్గర ‘హోల్ ఫీల్డ్’ అని ఉంది. అంటే గడిలో అచ్చం ఆ రెండు మాటలే ఉండాలి, ఇంకేం ఉండకూడదు. మేమేమో ‘బి నెగటివ్, రాత్రయినా ఓకే’ అని రాసుకున్నాం (ఆ తెలివి నాదే లెండి).

దాన్ని ‘ఎనీ పార్ట్ ఆఫ్ ఫీల్డ్’కి మార్చా. వెంటనే ఒక పేరొచ్చింది. నంబర్ నొక్కబోతూ గ్రూప్ చూస్తే... ఏబి నెగటివ్! నిజమే మరి, ‘ఏబి నెగటివ్’ లోపల ‘బి నెగటివ్’ కూడా ఉందిగా. కంప్యూటర్‌కి అక్షరాలే తెలుసు, రక్తం తెలీదు.

మూడోది ‘స్టార్ట్ ఆఫ్ ఫీల్డ్’. గడి ఆ మాటతోనే మొదలవ్వాలి. అది పెట్టి ఫైండ్ నెక్స్ట్ నొక్కుతూ పోతే అసలైన బి నెగటివ్ వాళ్లు ఇద్దరు దొరికారు. (గ్రూప్‌కి ఒక కాలమ్, ఆ కబుర్లకి ఇంకో కాలమ్ పెట్టుంటే ఈ గోలే ఉండేది కాదు. మర్నాడే విడగొట్టేశా.)

మొదటి నంబర్ స్విచాఫ్. రెండో ఆయన నిద్రగొంతుతో ఎత్తి, ‘ఏ హాస్పిటల్?’ అన్నాడు.