తప్పు వాడిది, కట్టడి ఆమెకా?

సెలవు రోజు వచ్చిందంటే సోనాపూర్, అల్ ఖూజ్, జెబెల్ అలీ క్యాంపుల నుంచి మనవాళ్ళంతా దేరాకో బర్‌దుబాయ్‌కో బస్సెక్కుతారు. ఇంటికి డబ్బు పంపడం, ఊరివాళ్ళను కలవడం, నిలబడి ఓ చాయ్ తాగడం. వారమంతా ఎండలో పడ్డ కష్టానికి అదొక్కటే మందు. ఆ సంతోషాన్ని ఎవరూ కాదనరు. కానీ అదే రోజు, అదే బస్‌స్టాపులో నిలబడే ఆడవాళ్ళకు ఆ సెలవు ఎలా గడుస్తోందో మనం ఎప్పుడైనా ఆలోచించామా?

వాళ్ళెవరో పరాయివాళ్ళు కాదు. ఇళ్ళల్లో పనికొచ్చిన మన కడప, గోదావరి జిల్లాల అక్కలు. ఫిలిప్పీన్స్, శ్రీలంక, నేపాల్, ఇథియోపియా నుంచి వచ్చిన మనలాంటి పనివాళ్ళు. మనలాగే అప్పు చేసి వచ్చారు, మనలాగే నెల జీతం కోసం ఎదురుచూస్తారు. వాళ్ళు బస్సు కోసం నిలబడితే పదిమంది గుంపుగా చేరి తల నుంచి కాలిదాకా చూస్తారు. ఒకడు పక్కనుంచి పోతూ భుజం తగిలిస్తాడు. ఒకడు భాష తెలియదులే అని తెలుగులో ఓ మాట విసురుతాడు. ఇంకొకడు చాటుగా సెల్లు ఎత్తి ఫోటో తీస్తాడు. కార్లు ఆపి హారన్ కొట్టేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు మన క్యాంపువాళ్ళు కారు. నిజమే. వాళ్ళ సంగతి వాళ్ళది. మన సంగతి మనం మాట్లాడుకుందాం.

"చూస్తే తప్పేంటి, కళ్ళున్నది చూడ్డానికే కదా" అంటారు కొందరు. సూపర్‌వైజరు రోజంతా మన నెత్తిమీద నిలబడి కళ్ళార్పకుండా చూస్తే మనకెలా ఉంటుంది? చేతిలో పని తడబడదా? ఒక్క మనిషి చూపుకే మనం అంత ఇబ్బంది పడితే, పదిమంది చూపుల మధ్య ఒంటరిగా నిలబడ్డ ఆడమనిషికి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది మాట విసిరినవాడు కాదు, వాడి పక్కనున్నవాళ్ళు. గుంపులో వాగేది ఒక్కడు. నవ్వేది నలుగురు. మిగతా అయిదుగురు నేల చూపులు చూస్తారు. "ఖల్లివల్లి భాయ్, మనకెందుకు" అనుకుంటారు. ఆ నవ్వే వాడికి బలం, ఆ మౌనమే వాడికి ధైర్యం. ఒంటరిగా ఉన్నప్పుడు తలెత్తి మాట్లాడలేనివాడు గుంపులో పులి అయ్యేది అందుకే.

నోరు మెదపకపోవడానికి మన భయాలు మనకున్నాయి. మేము కంపెనీ ఆఫీసుల్లో గుమాస్తా పని చేసేవాళ్ళం. హాజరు పట్టీలు రాసేది, సెలవు కాగితాలు టైపు చేసేది మేమే. పోలీసు అన్నమాట వింటేనే మనవాళ్ళ గుండె ఎలా జారుతుందో మాకు తెలుసు. వీసా పోతుందేమో, సాక్ష్యం కోసం తిప్పుతారేమో అన్న దిగులు అబద్ధం కాదు. అయితే చట్టం ఏం చెబుతోందో కూడా తెలుసుకుందాం. ఎమిరేట్స్‌లో 2022 జనవరి 2 నుంచి అమలవుతున్న శిక్షల చట్టం ప్రకారం పదేపదే మాటలతో, సైగలతో, చేతలతో ఆడవాళ్ళను వేధిస్తే కనీసం ఏడాది జైలు గానీ, కనీసం 10,000 దిర్హముల జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. జైలుశిక్ష పడ్డ విదేశీయుణ్ణి దేశం దాటించే అధికారం కోర్టుకుంది. అనుమతి లేకుండా ఫోటో తీయడం సైబర్ నేరం, దానికి జరిమానా ఇంకా పెద్దది. సౌదీలో 2018లో వచ్చిన చట్టం వేధించినవాడికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రియాళ్ళ దాకా జరిమానా అంటోంది. అంతేకాదు, ఉసిగొల్పినవాడికీ సాయపడ్డవాడికీ శిక్ష ఉందని అందులో రాసి ఉంది. పక్కన నిలబడి "అనరా, ఇంకోటి అను" అనేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇక రెండో సంగతి. వేధింపు జరిగాక మనం ఏం చేస్తాం? ఇంట్లో పనిచేసే అక్క మేడంతో చెప్పుకుంటే, "అయితే ఇకనుంచి బయటికి పోవద్దు" అంటుంది మేడం. ఎమిరేట్స్‌లో ఇంటి పనివాళ్ళకు వారానికో రోజు జీతంతో సెలవు ఇవ్వాలని 2022లో చట్టం వచ్చింది. చట్టం ఇచ్చిన ఆ ఒక్కరోజు ఎవడో పోకిరి నోటికి పోయింది. తప్పు చేసినవాడు మళ్ళీవారం కూడా అదే బస్‌స్టాపులో ఉంటాడు. ఆమె మాత్రం నాలుగు గోడల మధ్య.

మన ఇళ్ళల్లో జరిగేదీ ఇదే. మా రూములో ఒకాయనకు జగిత్యాల వైపు ఊరి నుంచి ఫోనొచ్చింది. బిడ్డ ఇంటర్ చదువుతోంది, బస్సులో టౌనుకు పోయివస్తుంది. ఇద్దరు పోరగాళ్ళు రోజూ వెంటపడుతున్నారట. ఆయన వెంటనే "కాలేజీ బంద్ చేయించు, సంబంధం చూద్దాం" అన్నాడు. రూములో అందరం తలాడించే వాళ్ళమే. పై మంచం మీద పడుకున్న ముసలి మేస్త్రి లేచి కూర్చుని, "తప్పు జేసినోడు బజార్ల తిరుగుతుండు, పిల్లనెందుకు ఇంట్ల గూసోబెడ్తవ్? వాని నాయిన ఎవరో అడుగు ముందు" అన్నాడు. రూమంతా నిశ్శబ్దం. ఆ రాత్రే మళ్ళీ ఫోను చేశారు. తల్లి, మేనమామ కలిసి ఆ పోరగాళ్ళ ఇళ్ళకు పోయి పెద్దల ముందు పెట్టారు, బస్సు కండక్టరుకూ చెప్పారు. పిల్ల చదువు ఆగలేదు.

అన్నిచోట్లా ఇంత తేలిగ్గా తేలదు. అప్పుడు చట్టం ఉంది. వెంటపడటం మన దేశంలో 2013 నుంచే నేరం. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ దానికి మొదటిసారి మూడేళ్ళ దాకా జైలు ఉంది. 112కు గానీ, మహిళల సహాయం కోసం ఉన్న 181కు గానీ ఫోను చేయవచ్చు. హైదరాబాద్‌లో 2014లో మొదలైన షీ టీమ్స్ తర్వాత తెలంగాణ జిల్లాలకూ వచ్చాయి. వేల మైళ్ళ దూరంలో ఉన్న తండ్రి ఫోనులో అనాల్సిన మొదటి మాట "నీ తప్పు లేదు బిడ్డా" అని. ఆ మాట అంటే రేపు ఏం జరిగినా పిల్ల దాచకుండా చెబుతుంది. "నువ్వెందుకు పోయినవ్" అంటే ఇక జన్మలో చెప్పదు.

మరి బస్‌స్టాపులో ఏం చేయాలి? కొట్లాట వద్దు. మనవాడు మొదలుపెట్టగానే నవ్వకపోతే చాలు, సగం ఆగుతాడు. భుజం మీద చెయ్యివేసి "పద, బస్సొచ్చింది" అని పక్కకు లాక్కుపోతే పూర్తిగా ఆగుతాడు. ముక్కూమొహం తెలియనివాడైతే సెక్యూరిటీకో బస్సు డ్రైవరుకో చెప్పండి. దూరంగా నిలబడి "సిస్టర్, పోలీసుకు ఫోను చేయమంటారా" అని అడగండి, ఆమె అవునంటే 999 కొట్టండి. ఆమె కాదంటే బస్సెక్కే దాకా అక్కడే ఉండండి. ఇందులో వీసా పోయే పని ఒక్కటీ లేదు.

ఒకడి కూతకు క్యాంపువాళ్ళంతా ఇంతే అన్న మాట పడుతున్నాం. ఆ మాట పోవాలని అందరికీ ఉంది. అయితే మన పేరు కోసం కాదు, ఆమె సెలవు ఆమెకు దక్కాలి కాబట్టి ఈ పని చేద్దాం. వచ్చే సెలవు రోజు బస్సెక్కే ముందు ప్రతి రూములో ఒక్కసారి ఈ సంగతి మాట్లాడుకోండి అన్నలారా. నవ్వకూడదని నలుగురు అనుకుంటే చాలు, వాగేవాడికి తోడుండడు.