ఛెత్రీ వెనక ఎవరు?

మా తనకల్లులో లైన్‌మన్ అంటే కరెంటు స్తంభం ఎక్కే మనిషి. అమెరికా ఫుట్‌బాల్‌లో అయితే బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడి దెబ్బలు కాచుకునే పహిల్వాన్. ఆండ్రూ విట్‌వర్త్ ఆ పనే చేస్తూ 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు, 40 ఏళ్ల ఉమ్ర్‌లో. జేసన్ పీటర్స్ 41 ఏళ్లకీ ఆడాడు. మాషా అల్లాహ్!

మన దగ్గర? సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ 2024 జూన్‌లో కువైట్‌తో ఆడి దేశం జట్టుకు అల్విదా చెప్పాడు. తొమ్మిది నెలలకే వాపస్ పిలిచారు. 2025 మార్చిలో మాల్దీవుల మీద గోల్ కొట్టాడు, అప్పటికి 40 ఏళ్లు. ఆయన మెహనత్‌కు సలాం. నా షికాయత్ పిలిచినవాళ్ల మీద. అక్కడ ఆ ముసలి పహిల్వాన్లు వెనక కాచుకున్న నౌజవాన్లతో పోటీపడి జాగా నిలబెట్టుకుంటారు. ఇక్కడ ఛెత్రీ వెనక జాగా ఖాలీ.

హైదరాబాద్ స్కూల్ టీచర్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మన జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తాలో స్వర్ణానికి తీసుకెళ్లారు. మరుసటి ఏడే ఇంతెఖాల్ అయ్యారు, 53 ఏళ్లకే. ఆటగాణ్ణి బడిలో వెతికిన ఉస్తాద్ ఆయన.

మా వీధి పిల్లలు అసర్ నుంచి మగ్రిబ్ దాకా బంతి తంతూనే ఉంటారు, చెప్పేవాడే లేడు. నాకూ నలభై దాటాయి, మోకాళ్లు మొరాయిస్తాయి. అయినా భాయ్, రేపటి నుంచి గోల్ దగ్గర నిలబడతాను.