రికార్డు నింపితే ప్రయోగమైపోదు

మనలో చాలామందికి ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి రాయడమే. నేనూ అలాగే రాశాను. అదెంత ప్రమాదమో ఎమ్మెస్సీ ప్రాజెక్టులో తెలిసింది.

రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్‌తో గాయాలపై వేసే హైడ్రోజెల్ తయారుచేశాను. అది నీరు పీల్చుకుని ఉబ్బాలి, పనయ్యాక మెల్లగా విచ్ఛిన్నం కావాలి. 37 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7.4 ద్రావణంలో ఉంచి రోజూ తూచాలి. వారం నిలవాల్సింది రెండోరోజే విడిపోయింది. ‘ఏడు అని రాసేస్తే ఎవరు చూస్తారు?’ అనిపించింది. రొయ్యలు ఒలిచి కోసుకుపోయిన అమ్మ చేతులు గుర్తొచ్చాయి. రేపు ఆ జెల్ వేసేది అలాంటి చేతులకే కదా! ‘రెండు’ అనే రాశాను. అణువుల మధ్య బంధాలు పెంచి మళ్లీ చేస్తున్నాను.

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: నిజాయితీగా రాస్తే, తప్పిన ప్రయోగానికీ మార్కులివ్వండి. అప్పుడు మేం రికార్డులు కాపీ కొట్టం.