ముందు తిట్టినోళ్లని పిలవండి!

"ఆటలో కులమేంది, రంగేంది? ఆటని ఆటగా చూడండయ్యా" అని మాకు బుద్ధులు చెప్పే పెద్దమనుషులు ఊరికొకరున్నారు. వాళ్లకోసం వొక ఆట సంగతి చెబుతాం. యిది మన దగ్గర జరిగింది కాదు. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఇండియన్ వెల్స్ అనే ఊళ్లో, 2001 మార్చిలో జరిగింది.

పేరు చూసి మనోళ్ల ఊరనుకునేరు. వెల్స్ అంటే బావులు. ఆ యెడారిలో కహుయిల్లా అనే ఆదివాసులు తవ్వుకున్న బావి వల్ల ఊరికి ఆ పేరొచ్చింది. యిప్పుడక్కడ డబ్బున్నోళ్ల బంగళాలు, గోల్ఫ్ మైదానాలు, 16 వేలమంది పట్టే టెన్నిస్ స్టేడియం. బావి తవ్వినోళ్లెవరు, అక్కడ దర్జాగా కూచున్నోళ్లెవరు అనే లెక్క మనకి కొత్తది కాదు గనక ముందుకి పోదాం.

ఆటే బతుకుతెరువుగా పెట్టుకున్న ఆడవాళ్లు యేటా అక్కడ సింగిల్స్ పోటీ ఆడతారు. పెద్ద పోటీ. ఆ యేడు సెమీఫైనల్ అక్కాచెల్లెళ్ల మధ్య పడింది. అక్క వీనస్ విలియమ్స్, చెల్లెలు సెరెనా. నల్లపిల్లలు. వాళ్ల నాన్న రిచర్డ్, లూసియానా రాష్ట్రంలో పంటలో పాలుకి పరాయి చేలో చాకిరీ చేసిన కుటుంబంలో పుట్టినాయన. కాంప్టన్ అనే పేదపేటలో, అందరూ వాడుకునే సర్కారీ కోర్టుల్లో, పుస్తకాలూ వీడియోలూ చూసి తాను నేర్చుకుని బిడ్డలకి నేర్పాడు. టెన్నిస్ యేమో క్లబ్బుల ఆట. తెల్లబట్టల ఆట, తెల్లోళ్ల ఆట. రానివ్వకపోతే నల్లవాళ్లు 1916లోనే తమ సొంత టెన్నిస్ సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. ఆల్తియా గిబ్సన్ అనే నల్లామెను అమెరికా జాతీయ పోటీలో ఆడనిచ్చింది 1950లో. ఆమె 1957లో వింబుల్డన్ గెలిచి చూపించింది. అలాంటి ఆటలో కాంప్టన్ పిల్లలు యిద్దరికిద్దరూ గెలుస్తుంటే కొందరికి కడుపు మండదా? "యింట్లో కూచుని తండ్రే తేలుస్తాడు యెవరు గెలవాలో" అని గుసగుస లేపారు. వీనస్ చేతిలో వోడిన యెలెనా డెమెంటియెవా అనే రష్యా అమ్మాయి ఆ మాట పత్రికలవాళ్ల ముందే అనేసింది.

సెమీఫైనల్ నాడు వీనస్ మోకాలి నొప్పితో ఆడలేకపోయింది. ఆ సంగతి స్టేడియంలో చెప్పింది ఆటకి నాలుగైదు నిమిషాల ముందు. టికెట్ కొన్న జనానికి కోపం వచ్చింది. రాదా మరి? వస్తది. యిక్కడిదాకా మేమూ వొప్పుకుంటాం. అక్క పొద్దున్నే చెప్పింది, నిర్వాహకులే నాన్చారు అని సెరెనా తర్వాత తన పుస్తకంలో రాసుకుంది. అయితే కోపం యెవరి మీద చూపించాలి? నాన్చినోళ్ల మీదనా, ఆడటానికి సిద్ధంగా వున్న చెల్లెలి మీదనా?

మార్చి 17న ఫైనల్. సెరెనాకి 19 యేళ్లు. యెదురుగా బెల్జియం పిల్ల కిమ్ క్లైస్టర్స్, 17 యేళ్లది. సెరెనా కోర్టులోకి అడుగు పెట్టగానే హేళన అరుపులు మొదలు. ఆమె సర్వీసు తప్పితే చప్పట్లు, పాయింటు గెలిస్తే కేకలు. 1999లో స్టెఫీ గ్రాఫ్ ని వోడించి యిదే పోటీ గెలిచిన పిల్ల ఆమె, వేరే యెవరో కాదు! తండ్రీ అక్కా మెట్లు దిగి సీట్లలోకి వస్తుంటే స్టేడియం మళ్లీ అరిచింది. రిచర్డ్ పిడికిలెత్తాడు. నల్లవాళ్లని తిట్టే ఆ పాడుమాట తన చెవులారా విన్నానన్నాడు. యిదే '75 అయితే బతికుండగానే నీ తోలు వొలిచేవాళ్లం అని వొకడన్నాడట. తోలు వొలవడమంటే యేందో మాదిగవాడలో పుట్టినోళ్లకి వేరే చెప్పాలా?

మొదటి సెట్టు 4-6తో పోగొట్టుకుని, మిగతా రెండూ 6-4, 6-2తో సెరెనా గెలిచింది. కప్పు యెత్తింది. తర్వాత గదిలో కూచుని గంటల తరబడి యేడ్చానని తనే చెప్పింది.

యిక చూడండి పెద్దమనుషుల తీర్పు. "ఆ మాట అన్నట్టు సాక్ష్యముందా? మేం వినలేదే!" యీ మాట మనం యెక్కడ విన్నాం? పోలీస్ స్టేషన్లో విన్నాం. 1989 అట్రాసిటీ చట్టం కింద కులం పేరుతో తిట్టిన కేసు నిలవాలంటే నలుగురి కళ్లముందు తిట్టి వుండాలి. నలుగురి ముందే తిడతారు. ఆ నలుగురికీ ఆ పూట చెవుడొస్తది. యిక్కడ నలుగురు కాదు, స్టేడియం స్టేడియమంతా వుంది. వేలమంది నోళ్లు గనక నేరం యే వొక్కడిదీ కాకుండా పోయింది.

అక్కాచెల్లెళ్లు ఆ ఊరు మొహం చూడలేదు. పోకపోతే ర్యాంకు పాయింట్లు పోతాయి, డబ్బు పోతది. పోనీ అన్నారు. సెరెనా 14 యేళ్లు, వీనస్ 15 యేళ్లు. ఆ యేళ్లలో వాళ్లని అడిగిందల్లా వొకటే, "యెప్పుడొస్తారు? యింకా మర్చిపోలేదా?" అరిచినోళ్లని మాత్రం "యెందుకరిచారయ్యా" అని అడిగే దిక్కు లేదు. మనకి తెలీదా యీ తంతు! వాడ మీద పడి కొడతారు. కేసు పెడితే మూడోనాడు మెత్తని మాటల్తో యింటికొస్తారు, "అయ్యిందేదో అయ్యింది, ఊళ్లో కలిసుండాల్సినోళ్లం, రాజీకి రండి" అని. కొట్టినోడి గడప తొక్కరు, దెబ్బలు తిన్నోడి గడపే తొక్కుతారు. పంతం వాడది కాదట, మనదట!

మన దేశంలో కూడా చూశాం. 2021 టోక్యో ఒలింపిక్స్ లో హాకీ ఆడపిల్ల వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్ లో మన ఆడవాళ్లలో యెవరూ అంతకుముందు చెయ్యని పని అది. సెమీఫైనల్లో జట్టు అర్జెంటీనా చేతిలో వోడిందో లేదో, హరిద్వార్ దగ్గర ఆమె యింటి ముందు టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టారు. గెలిస్తే దేశం బిడ్డ, వోడితే వాడ బిడ్డ. సెరెనాకి ఆ మొదటి సగం కూడా దక్కలేదు, గెలిచినా తిట్టారు.

2015లో సెరెనా తిరిగొచ్చింది. "అదిగో, చివరికి దిగొచ్చింది" అన్నవాళ్లకి మా జవాబు యిది. దిగి రాలేదు, తన షరతు మీద వచ్చింది. జైళ్లలో మగ్గే పేదలకి వకీళ్లని పెట్టే ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ అనే సంస్థకి ఆ రాక పేరున విరాళాలు పోగుచేసింది. మొదటి ఆటకి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. క్షమించడం ఆమె యిష్టం. అది యెవరూ అడిగి తీసుకునే బాకీ కాదు. ఆ యేడు సెమీఫైనల్ ముందు ఆమెకే మోకాలు పట్టేసింది. తనే కోర్టులోకొచ్చి ఆడలేనని చెప్పింది. 2001 నాటి రచ్చ కాలేదు. యెందుకు కాలేదో ఆ జనమే చెప్పాలి.

మారిపోయారంటారా? మరుసటి యేడే, 2016లో, ఆ పోటీ నడిపే పెద్ద అధికారి రేమండ్ మూర్, ఆడవాళ్ల టెన్నిస్ మగాళ్ల పుణ్యాన బతుకుతోందని, ఫెడరర్, నాదల్ పుట్టినందుకు ఆడవాళ్లు రోజూ రాత్రి మోకాళ్ల మీద పడి దేవుడికి దండం పెట్టుకోవాలని అన్నాడు. యీసారి కెమెరాల ముందన్నాడు గనక "మేం వినలేదే" అనే వీల్లేకపోయింది. సెరెనా ఆ రోజే నిలదీసింది. మర్నాటికి కుర్చీ వదిలాడు.

2001లో ఆగిపోయిన అక్కాచెల్లెళ్ల ఆట అదే ఊళ్లో 2018 మార్చిలో జరిగింది. సెరెనా అప్పటికి బిడ్డతల్లి, కాన్పు తర్వాత ఆటకి తిరిగొచ్చిన మొదటి పోటీ అదే. అక్క 6-3, 6-4తో గెలిచింది. తండ్రి తేల్చాడని ఆ రోజు యెవరూ అరవలేదు.