మిరప కోతలు – బడిలో ఖాళీ అయ్యే వరుసలు

గత ఫిబ్రవరిలో ఒకనాడు మా గ్రామ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు మమ్ము పిలిపించారు. ప్రకాశం జిల్లా పడమటి మెట్టలోని ఊరు మాది. "మౌల్వీ గారూ! మీ మహల్లా పిల్లలకు చదువు రావడం లేదని అందరూ అంటున్నారు. కారణం ఇందులో ఉంది, చూడండి" అంటూ ఆమె హాజరు పట్టీ మా ముందుంచారు. నవంబరు వరకు ఆ పిల్లల హాజరు బాగానే ఉంది. జనవరి నుండి వరుసగా గైర్హాజరే. ఆ పేర్లన్నీ మేము ఎరిగినవే. పిల్లలంతా తల్లిదండ్రుల వెంట గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్ళిపోయారు. కోతలు ముగించుకుని వారు తిరిగి వచ్చేసరికి సంవత్సరాంత పరీక్షలు ఎదురుగా ఉంటాయి.

మన పిల్లల వెనుకబాటుకు భాషే కారణమని మేము చాలాకాలం అనుకున్నాము. అందులో కొంత నిజం లేకపోలేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ ఒకటవ తరగతిలో అక్షరాలతో పాటు భాషను కూడా కొత్తగా నేర్చుకోవాలి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూ రెండవ అధికార భాష కూడా అయింది. అయినా కొద్దిపాటి ముస్లిం ఇళ్ళున్న ప్రతి పల్లెకూ ఉర్దూ బడి రావడం సులభం కాదు.

అయితే మా ఊరి బడిలో నూర్‌బాషా పిల్లలు కూడా ఉన్నారు. దూది ఏకడం వారి తాతముత్తాతల వృత్తి, తెలుగే వారి ఇంటి భాష. వారిలోనూ కోతలకు వెళ్ళివచ్చిన వారు పాఠం చదవలేక తడబడుతున్నారు. ఊళ్ళోనే ఉండి ప్రతిరోజూ బడికి వెళ్ళిన ఉర్దూ ఇంటి పిల్లలు వారికంటే మెరుగ్గా చదువుతున్నారు. కాబట్టి భాష కంటే పెద్ద అడ్డంకి గైర్హాజరేనని మేము గ్రహించాము.

చదవలేకపోవడం మన పిల్లలకు మాత్రమే ఉన్న లోపం కాదు. 2022 నాటి 'అసర్' సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల ఐదవ తరగతి పిల్లల్లో 42.8 శాతం మందే రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగారు. ముస్లిం పిల్లలంతా మద్రసాలకే వెళతారన్న మాట కూడా సరికాదు. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మద్రసాలకు వెళ్ళేవారు సుమారు 3 శాతమేనని 2006లో సచార్ కమిటీ తెలిపింది. 6 నుండి 14 ఏళ్ళ ముస్లిం బాలబాలికల్లో 25 శాతం మంది బడి ముఖమే చూడలేదని, లేదా మధ్యలో మానివేశారని కూడా ఆ నివేదికే చెప్పింది. మన పిల్లల్లో అత్యధికులు చదవవలసింది సాధారణ బడిలోనే. ఆ బడి బాగోగులు మన బాగోగులే.

ఇక్కడ మా తప్పును కూడా ఒప్పుకోవాలి. ఫజ్ర్ తర్వాత మొదలయ్యే మా మక్తబ్ బడి గంట కొట్టేవరకు సాగేది. పిల్లలు ఇంటికి పరుగెత్తి, అన్నం తిని బడికి చేరేసరికి మొదటి పాఠం సగం అయిపోయేది. దీన్ నేర్పుతున్నామన్న తృప్తిలో ఈ నష్టాన్ని మేము ఏళ్ళ తరబడి గమనించలేదు. ఇప్పుడు మక్తబ్‌ను మగ్రిబ్ తర్వాతకు మార్చాము.

మరి కోతలకు వెళ్ళే తల్లుల మాటేమిటి? "పిల్లవాణ్ణి వదిలి వెళ్ళమ్మా" అని ఒక తల్లితో అన్నాము. "ఇల్లు తాళం వేసి పోతున్నాం హజ్రత్! పొద్దున, రాత్రి వీడికి అన్నం పెట్టేదెవరు?" అని ఆమె అడిగింది. మా వద్ద వెంటనే సమాధానం లేకపోయింది. కూలి మానుకోండని చెప్పే హక్కు మనకు లేదు. మధ్యాహ్నం బడిలో భోజనం ఉంది. మిగిలిన రెండు పూటల అన్నం, రాత్రి పడక మన మహల్లా చూసుకోవాలి. ఆ శుక్రవారం జుమా తర్వాత ఈ మాట జమాఅత్ ముందుంచాము. కొందరు ఒక్కొక్క బిడ్డ బాధ్యత తీసుకున్నారు. అందరు పిల్లలకూ చోటు దొరకలేదు. మమ్ము ప్రశ్నించిన ఆ తల్లి కొడుకు చివరికి ఆమె వెంటే వెళ్ళాడు. ఆ బాధ మమ్ము వదలలేదు.

వెంట తీసుకువెళ్ళక తప్పనివారు ఒక సంగతి తెలుసుకోవాలి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం, వెళ్ళిన చోట ఉన్న ప్రభుత్వ బడిలో బిడ్డను సంవత్సరం మధ్యలోనైనా చేర్చవచ్చు. పాత బడివారు టీసీని వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడివారు బిడ్డను కాదనరాదు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని కూడా ఆ చట్టమే నిర్దేశించింది. మన సోదరీమణులు ఆ సమావేశాలకు వెళ్ళి, మైగ్రేషన్ రోజుల్లో పిల్లల వసతి గురించి అడగాలి.

బడుల మరమ్మతులకు 'నాడు-నేడు' పథకం 2019 నవంబరు 14న మన ఒంగోలులోనే ప్రారంభమైంది. గోడలు, బల్లలు ప్రభుత్వం బాగుచేయగలదు. బల్ల మీద బిడ్డను కూర్చోబెట్టవలసినది మనమే.

మహాప్రవక్త (స)పై అవతరించిన తొలి ఆజ్ఞ చదవమనే. బద్ర్ యుద్ధ ఖైదీల్లో చదువు వచ్చినవారు పదేసిమంది పిల్లలకు అక్షరాలు నేర్పితే, దానినే వారి విడుదలకు పరిహారంగా ఆయన (స) స్వీకరించారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. శత్రువు చేతనైనా చదివించిన ప్రవక్త అనుచరులము మనము. పొరుగింటి బిడ్డకు రెండు పూటల అన్నం పెట్టి బడికి పంపలేమా?

రానున్న కోతల కాలానికి ముందే ప్రతి మస్జిద్ కమిటీ తన మహల్లాలో బడి ఈడు పిల్లల పేర్లు రాసుకోవాలని, ఎవరు ఎవరింట ఉంటారో నిర్ణయించుకోవాలని మా విన్నపం. అల్లాహ్ మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, మనకు ఆ బాధ్యతను మోసే శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.