తమలపాకులోని ఘాటు, మందుకు తోడు

తమలపాకుకు తుని పెట్టింది పేరు. ఆ ఆకు నమిలినప్పుడు నాలుకకు తగిలే ఘాటులో యూజినాల్ అనే పదార్థానికి పాలు ఉంది. లవంగానికి ఆ వాసన నిచ్చేదీ అదే. ఈ నెల దానిని ప్రస్తావించడానికి కారణం, సోదరీమణులు ఎందరో సిగ్గుచేత ఎవరికీ చెప్పుకోక నెలల తరబడి భరించే ఒక బాధ.

మర్మస్థానంలో దురద, మంట, విరిగిన పాలవంటి తెల్లబట్ట. ఇవి క్యాండిడా అనే ఈస్టు జాతి శిలీంధ్రం తెచ్చిపెట్టేవి. పసిబిడ్డల నోటిలో తెల్లని పొర కట్టేదీ అదే. మధుమేహం అదుపులో లేనివారికి, యాంటీబయాటిక్‌లు వాడినవారికి ఇది సులభంగా సోకుతుంది. సాధారణంగా ఇచ్చే ఫ్లూకోనజోల్ మాత్ర శిలీంధ్రకణపు పొరకు అవసరమైన ఎర్గోస్టెరాల్‌ను తయారు కానివ్వదు. అయితే కొన్ని క్యాండిడాలు లోనికి వచ్చిన మందును వచ్చినట్లే బయటకు తోడివేయడం నేర్చుకున్నాయి. 2009లో జపానులో ఒక రోగి చెవి నుండి తీసి వర్ణించిన క్యాండిడా ఆరిస్ పలు మందులకు లొంగదు. ఆసుపత్రులలో తీవ్ర రోగులను పట్టే ఆ జాతిని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకర శిలీంధ్రాల వర్గంలో చేర్చింది.

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గమనించదగినది. క్యాండిడా కణాలు గుంపుకట్టి జిగురుపొరగా పేరుకున్నప్పుడు ఫ్లూకోనజోల్ ఒంటరిగా వాటిని అంతగా కదిలించలేదు. యూజినాల్‌తోనో, దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్‌తోనో కలిపినప్పుడు మాత్రం ఒకదాని బలాన్ని మరొకటి పెంచింది. యూజినాల్ కణపు పొరను దెబ్బతీస్తుంది. గోడకు కన్నం పడ్డాక లోపలికి చొరబడడం ఎవరికైనా తేలికే కదా!

కాని ఇదంతా గాజుపాత్రలో జరిగిన పని. తమలపాకు నమిలితే ఆ మోతాదు రోగస్థానానికి చేరదు. లవంగతైలం అక్కడ పూస్తే లేత చర్మం కాలుతుంది. ఇక తాంబూలంలోని వక్క నోటి క్యాన్సరుకు కారణమన్నది వేరే సంగతి.

మాత్రను దుకాణంలో అడిగి తెచ్చుకొని మింగడమూ క్షేమం కాదు. చక్కెరవ్యాధికి గ్లిమిపిరైడ్ వంటివి వాడే స్త్రీ దానికి ఫ్లూకోనజోల్ జతచేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణి వైద్యుని అడగకుండా దానిని ముట్టరాదు. ఏడాదిలో మూడు నాలుగు సార్లు తిరగబెడితే వైద్యురాలికి చెప్పి, నమూనాను కల్చర్ పరీక్షకు పంపించమని అడగండి. అది ఏ జాతి క్యాండిడా, ఏ మందుకు లొంగుతుంది అన్నది అప్పుడే తెలుస్తుంది. ఇంట్లో ఏయే ఆకులు, తైలాలు వాడారో కూడా దాచకుండా చెప్పండి.