గడప క్రింది పసికందు

అర్ధరాత్రివేళ, యుద్ధముచే పాడుబడిన సీమలోని ఒక కోటలో, త్రాగుడుచే ముఖ ముబ్బిపోయిన బారన్ అను ఒక భారీకాయుడు, తానే కొన్నాళ్ళ క్రితము తొందరతొందరగా గోయి త్రవ్వి, పేరైనను పెట్టక పాతివేసిన మృతశిశువును, అది పిశాచమై లేచి పండ్లు నూరుచుండగా, రొమ్మున కదుముకొని తన యింటి గడపవరకు మోసికొని వచ్చును. అక్కడ ఆ బిడ్డకు డియా యని పేరు పెట్టి, నీవు నా కూతురవని పైకి చెప్పి, గడప క్రిందనే మరల పూడ్చిపెట్టును. మరునాటి రాత్రి ఆ పిశాచమే ఇంటిని కాచు చిన్నదైవమై లేచి, తల్లియు అక్కయు విడిచిపోయిన దారి యెటు పోయినదో చూపుటకు ముందు నడచును. పసుపు రాసి బొట్లు పెట్టిన గడపను త్రొక్కరాదని పిల్లలకు నేర్పెడి మనవంటివారికి ఈ స్లావ్ జానపద విశ్వాసము కొత్తగా తోచదు. ఇది ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ అను వీడియో గేమ్‌లోని ఒక ఘట్టము.

ఈ ఘట్టమును గూర్చి మా యింట కొన్నేండ్లుగా తగవు నడచుచున్నది. మా చెల్లెలి పిల్లలిద్దరును దానిని వేర్వేరుగా ఆడినారు. నేనును వారి బలవంతముపై మొదలిడి, తరువాత ఎవరి బలవంతమును లేకయే రాత్రులు కూర్చుండి ముగించితిని. మేనల్లుడు, “బారన్‌ని చూస్తే ఏడుపొచ్చేసింది మామయ్యా” అనును. మేనకోడలు వెంటనే, “వాడి ఏడుపు గంటసేపు విన్నాం సరే, ఆవిడ మాట ఎంతసేపు విన్నాం మామయ్యా?” అని యడుగును. వీరిద్దరి నడుమ నున్న యంతరమే ప్రపంచమున ఆ గేమ్ ఆడిన కోట్లమంది నడుమను కలదు. 2015 మే 19న విడుదలయి, అయిదు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన కృతిని గూర్చి పదేండ్లు దాటినను జనులు ఇంత పట్టుదలతో వాదించుకొనుట నాకు మిక్కిలి ఇష్టమైన విషయము. కావుననే ఈ వారము శీర్షికను దానికి కేటాయించితిని.

కథామూలము పోలెండ్ దేశమునది. ఆంద్జెయ్ సప్కోవ్స్కీ అను రచయిత ‘ఫంతాస్తికా’ అను పత్రిక పెట్టిన పోటీకి వ్రాసిన ఒక చిన్నకథ 1986లో అచ్చయ్యెను; కూలి పుచ్చుకొని రాక్షసులను వేటాడు గెరాల్ట్ అను తెల్లజుట్టు వీరుడు అందులో పుట్టెను. వార్సాలో 1994లో మొదలైన సీడీ ప్రాజెక్ట్ సంస్థ ఆ పాత్రను గైకొని 2007లో మొదటి గేమ్‌ను, 2011లో రెండవదానిని, పిమ్మట ఈ మూడవదానిని నిర్మించినది. ఈ మూడవదానిలో గెరాల్ట్ తన పెంపుడు కూతురి వంటిదగు సిరిని వెదకుచు ఊరూరు తిరుగును. వెలెన్ అను బురదసీమలో ఆమె జాడ తెలిసినవాడు పైన చెప్పిన బారన్, ఫిలిప్ స్ట్రెంగర్. తన భార్యయు పెద్దకూతురును కనబడుటలేదు, వారిని వెదకి తెచ్చిననే సిరి సంగతి చెప్పుదునని అతడు బేరము పెట్టును.

అభిప్రాయభేదములలో మొదటి తెగవానిని త్వరగా దాటిపోయెదను. గెరాల్ట్ నడక బండి మళ్ళినట్లున్నదని విడుదలైన దినములలో ఎంతోమంది గొణిగిరి. రెండు నెలలకే నిర్మాతలు మరియొక నడక పద్ధతిని చేర్చవలసివచ్చినది. కత్తియుద్ధము తేలికయని, అదే సంవత్సరము మార్చిలో వచ్చిన ‘బ్లడ్‌బోర్న్’ను మరిగినవారు పెదవి విరిచిరి. స్కెల్లిగే ద్వీపముల చుట్టు సముద్రమంతయు మ్యాపులో ప్రశ్నార్థక చిహ్నములు చల్లి, ఒక్కొక్కదానికి పడవ నడపించి, చివరకు నీట తేలెడి పీపాలను చూపించుట నాకును విసుగు కలిగించినది. జాడలను ఎర్రగా వెలిగించి చూపు ‘విచర్ సెన్స్’ వలన ఆటగాడు ఆలోచించుట మాని గీత వెంట నడచునను ఆక్షేపణము కూడ సమంజసమే. ఇవి పనితనమునకు సంబంధించిన లోపములు. వానిని లోపములని ఒప్పుకొనుటలో నాకు సంకోచము లేదు.

అసలు తగవు మరియొకచోట నున్నది. ఈ గేమ్ డబ్బాపై పదునెనిమిదేండ్లు నిండినవారికే యను ముద్ర కలదు. రక్తపాతము, నగ్నత్వము, బూతులు ఉన్నందున ఆ ముద్ర వేసినారు. చూచువానికి ఉండవలసిన వయస్సును అది చెప్పును గాని, కృతి వయస్సును చెప్పదు. మన లాక్షణికులు నాయికను ముగ్ధ, మధ్య, ప్రౌఢ యని విభజించినప్పుడు వారు లెక్కించినది ఏండ్లను మాత్రమే కాదు. ప్రౌఢ యనగా అనుభవము గలది, తన మనస్సును ఎదుటివాని మనస్సును ఎరిగినది. ఆ కొలతతో చూచినచో 2007 నాటి మొదటి గేమ్ ముగ్ధయని కూడ అనజాలను; గెరాల్ట్ ఒక స్త్రీతో గడపిన ప్రతిసారియు ఆమె బొమ్మ గల చీట్లముక్క యొకటి ఆటగాని చేతిలో పడుచుండెను. డబ్బాపై పెద్దలకు మాత్రమే యని యుండెను. లోపల మాత్రము గోలీలు కూడబెట్టుకొను బాలుని లెక్క. విమర్శకులు గట్టిగా చీవాట్లు పెట్టిరి. రెండవ గేమ్ నాటికి ఆ చీట్లు లేవు. ఆ సంస్థయే ఎనిమిదేండ్లలో బారన్ గడపవరకు నడచివచ్చినది. ఈ ప్రయాణమును నేను గౌరవించుచున్నాను.

ఇక బారన్ సంగతి. మొదట అతడు భార్యాకూతుళ్ళు మాయమైనారని అబద్ధమాడును. గెరాల్ట్ ఇల్లు వెదకి, గోడకు తగిలించిన పటము వెనుక దాగిన దెబ్బగుర్తును, నేలపై ఇంకిన సారా వాసనను పట్టుకొని, వారు మాయము కాలేదు, పారిపోయినారని తేల్చును. అప్పుడు కొంచెము కొంచెముగా కథ బయటపడును. అతడు యుద్ధములకు పోయినప్పుడు భార్య ఆనా మరియొకని ప్రేమించినది. తిరిగివచ్చి అతడు ఆ ప్రియుని చంపినాడు. పిమ్మట త్రాగుడు, దెబ్బలు, క్షమాపణలు, మరల త్రాగుడు. కడుపులో పడిన బిడ్డను వద్దనుకొని ఆనా బురదలోని మంత్రగత్తెలు మువ్వురతో ఒప్పందము చేసికొన్నది. ఇల్లు విడిచిపోయిన రాత్రి గర్భస్రావమైనది. ఆ బిడ్డయే మొదట చెప్పిన పసికందు. ఆటగాడు ఇష్టపడినచో ఆ పిశాచమును మోయించుటకు మారుగా కత్తితో నరికివేయవచ్చును; గేమ్ అడ్డుచెప్పదు. మోయించుటకే మొగ్గినవాడు మాత్రము, చేతులు వణకుచు ఆ కురూపిని పొదివికొనిన తండ్రి వెంట అడుగు అడుగున నడవవలెను.

మా మేనల్లుని కన్నీరు అక్కడ పుట్టినది. దుర్మార్గుని దుర్మార్గుడనియే చూపుచు, అతని యెడల మన గుండె కరగునట్లు చేయుట సామాన్యమైన నేర్పు కాదు. ఈ ఘట్టపు రూపకర్త పావెవ్ సాస్కో. బారన్‌ను దైత్యునిగా నిలిపి చేతులు దులుపుకొనుట అతనికి సులభము. మనయెదుటివాడు మన పొరుగింటివాడే యనునట్లు నిలుపుట కష్టము, అతడు కష్టమైనదానినే చేసినాడు. పగటివేళ నలుగురిని నవ్వించుచు, రాత్రి తలుపు మూసికొని పెండ్లామును కొట్టు పెద్దమనిషి మనలో ఎవరికి తెలియడు?

అయినను మేనకోడలి ప్రశ్న అట్లే నిలిచియున్నది, దానిని తోసిపుచ్చుట నా వలన కాదు. బారన్‌కు మాటలెన్నో ఇచ్చిరి. ఆనాను మనము మొదట చూచునప్పటికే ఆమె మంత్రగత్తెల కొలువులో మతి చలించి, బురదలోని అనాథపిల్లలను సాకుచున్న ‘అవ్వ’. ఆమె ఎవరో కూడ మనకు వెంటనే తెలియదు. తన కాపురమును గూర్చి తన నోట చెప్పుకొనుటకు ఆమెకు దొరకిన తావు మిక్కిలి స్వల్పము. దెబ్బలు తిన్నది ఆమె, కథ చెప్పినది కొట్టినవాడు. దీనిని శిల్పదోషమని నేను నిస్సంశయముగా అనుచున్నాను. బారన్ తన తప్పును తగ్గించుకొని చెప్పుటయే శిల్పమర్మమని మేనల్లుడు వాదించును. అందులో నిజము లేకపోలేదు. కాని కొట్టినవాడు తగ్గించి చెప్పినాడని వినువారికి తెలియుటకు, కొట్టబడినదాని గొంతు ఒక్కసారియైన నిండుగా వినబడవలెను గదా! ఆ లోటును కొంతవరకు పూడ్చినది పెద్దకూతురు తమారా. గెరాల్ట్ ఆమెను కనుగొని తండ్రి పిలుచుచున్నాడని చెప్పినప్పుడు, ఆమె రానని చెప్పును. ఏడ్చినవాడు క్షమింపబడినవాడు కాడను సత్యము గేమ్ మొత్తములో ఆ పిల్ల నిరాకరణముననే కలదు.

ఇంతటితో తగవు తీరదు. అదే సీమలో ఒక గుట్టపై చెట్టు వేళ్ళలో చిక్కుకొనిన ఒక ఆత్మ కలదు. విడిపించినచో అనాథపిల్లలను మంత్రగత్తెల నోటనుండి తప్పింతునని అది మాట యిచ్చును. చంపుమని మంత్రగత్తెల పక్షము కోరును. విడిపించినచో పిల్లలు బ్రదుకుదురు. కాని ఆ ఆత్మ దగ్గరి యూరిని నాశనము చేయును, మంత్రగత్తెల కోపము ఆనాపై పడి ఆమె చచ్చును, బారన్ తన కోటపెరటిలో ఉరివేసికొనును. చంపినవానికి ఆనా మతి లేకయైనను ప్రాణముతో దక్కును, బారన్ ఆమెను వైద్యమునకు దూరపుకొండలకు తీసికొనిపోవును. పిల్లలు మాత్రము మరి కనబడరు. ఈ ఫలములు వెంటనే రావు. గంటలకొలది ఆడిన పిమ్మట, ఆ గుట్టను మరచిపోయిన పిమ్మట వచ్చును. అందువలన సేవ్ చేసికొన్న చోటికి వెనుకకు పోయి దిద్దుకొనువారికి అది పెద్ద శ్రమ. ఇది మోసమని కొందరి ఫిర్యాదు: ఏది చేసినను ఏడ్వవలసినదేయైనచో ఎంచుకొనుమనుట యెందులకని. ముందుగా గైడ్ చదివి, తక్కువ నష్టము గల దారిని లెక్కకట్టి పోవువారు మరికొందరు.

నాకు ఈ ఆలస్యమే ఆ కృతి గొప్పతనముగా తోచును. మంచిపని చేసిన వెంటనే మార్కులు చేతిలో పెట్టు ఆటలు ఎన్నో కలవు. వానిని ఆడుచు మనము మంచితనమును బేరముగా నేర్చుకొందుము. ఇక్కడ గుట్టపై నిలబడిన గెరాల్ట్‌కు ఆ ఆత్మ మంచిదో చెడ్డదో తెలియదు, మనకును తెలియదు. ధర్మసూక్ష్మమని మన పురాణశ్రవణములలో పెద్దలు ఎన్నిమార్లో అనగా వింటిమి. ఆ మాట వేలితో నొక్కవలసిన మీటగా నా చేతికి వచ్చినది ఆ రాత్రియే. నేను చెట్టు ఆత్మను విడిపించితిని. నేటికిని సరియేనా యని అడిగినచో, అవుననుటకు నా నోరు రాదు.

సిరి కథ ముగింపుపై కలహము వేరు. ఆమె బ్రతుకుటయో చచ్చుటయో, రాణియగుటయో గెరాల్ట్ వలె వేటగత్తె యగుటయో, నాలుగైదు చిన్న సందర్భములపై ఆధారపడును. దిగులుగా కూర్చున్న ఆమెను సేదదీరుమని ఓదార్చవచ్చును, లేదా లేపి మంచుముద్దలతో ఆడింపవచ్చును. మాంత్రికురాండ్ర సభకు ఆమె వెంట గెరాల్ట్ కూడ పోవచ్చును, లేదా ఆమెనే పంపవచ్చును. ఓదార్చినవారిలో ఎందరో, ప్రేమతోనే ఓదార్చితిమి, మమ్ములను ఇంత దుఃఖమునకు ఈడ్చుట అన్యాయమని వాపోయిరి. వారి దుఃఖము నిజమైనది. కాని ఆ సందర్భములన్నిటిలో గేమ్ అడుగునది ఒక్కటియే: పెరిగిన కూతురిని నీవు కాపాడుచున్నావా, నమ్ముచున్నావా? ఆడపిల్లను వెంటనుండి కాచుటయే ప్రేమయని పెరిగిన నావంటివానికి ఆ ప్రశ్న లోతుగా నాటుకొన్నది. నేనును సభకు వెంట వెళ్ళినవాడనే.

రూపురేఖలను గూర్చిన వాదమొకటి 2015లో గట్టిగా లేచినది: ఇంత పెద్ద లోకములో నల్లనివాడొక్కడును లేడేమని. ఇది స్లావ్ జానపదలోకము, మా పల్లెల కథ, మా యిష్టమని పోలెండ్‌వారు చాలమంది బదులు చెప్పిరి. పెద్ద సంస్కృతులు చిన్నభాషల కథలను ఎట్లు మ్రింగునో ఎరిగిన తెలుగువాడనగుటచే వారి ఉడుకును నేను అర్థము చేసికొనగలను. అయినను, జాతిద్వేషమునే ముఖ్యవస్తువుగా గైకొని, పొట్టివారిని దీర్ఘకర్ణులను వెలివేయు జనులను చూపిన కృతిని ఆ ప్రశ్న అడుగు హక్కు ఎవరికిని లేదనుట చెల్లదు. ఆ అక్టోబరులోనే వచ్చిన ‘హార్ట్స్ ఆఫ్ స్టోన్’ అను అనుబంధములో దూరదేశపు ఓఫిరీయులు కనబడుదురు.

మూలకర్త సప్కోవ్స్కీ మాట కూడ చెప్పవలెను. ఆయనకు వీడియో గేమ్‌లపై నమ్మిక లేదు. హక్కుల నిచ్చునాడు లాభములో వంతు వద్దని, ఒక్కసారిగా మొత్తము పుచ్చుకొనెను. గేమ్‌లు లోకమంతట వ్యాపించిన పిదప 2018లో మరి ఆరుకోట్ల జ్లోతీలు కావలెనని అడిగెను. 2019 డిసెంబరులో ఇరుపక్షములకు కొత్త ఒప్పందము కుదిరినది. తన బిడ్డ పరాయి యింట పెద్దదై పేరు తెచ్చుకొనగా చూచిన తండ్రి బాధ అది; నేను ఆయనను తప్పుపట్టజాలను.

గత సంక్రాంతికి మా చెల్లెలి పిల్లలిద్దరును మా యింటికి వచ్చిరి. 2022 డిసెంబరులో వచ్చిన కొత్త అప్‌డేట్‌తో గేమ్‌ను మేనల్లుడు మరల మొదటినుండి ఆడుచుండెను. ప్రతిసారియు బారన్‌ను బ్రదికించుకొనవలెనని చెట్టు ఆత్మను చంపినవాడు, ఈసారి ఏమనుకొనెనో, విడిపించెను. మేనకోడలు తన నాలుగేండ్ల పాపను ఒడిలో నిద్రపుచ్చుచు చూచుచుండెను. కొన్ని గంటల తరువాత కోటపెరటిలో చెట్టున వ్రేలాడుచున్న బారన్ కనబడెను. మేనల్లుడు కంట్రోలర్‌ను ప్రక్కన పెట్టి చాలసేపు మాటలాడలేదు. ఆమె కూడ, ఇన్నేండ్లు అతనిని ఒక్క మాటయైన మెచ్చని ఆమె, ఏమియు అనలేదు. కొంతసేపటికి పాప తల నిమురుచు, మెల్లగా, “తమారా ఏమైంది రా తర్వాత?” అని యడిగెను. మేనల్లుడు మ్యాపు తెరచి, వెలెన్ మొదలుకొని ఊరూరి పేరు చదువుచు, ఆ పిల్లను వెదకుటకు మొదలుపెట్టెను.